గింజ పాలు పోసుకునే వేళ

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది విజయనగరం. నా వయసు 33. వార్డు సచివాలయంలో పని చేస్తున్నాను. ఎనిమిదేళ్ల కిందట బాబు పుట్టినప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ నాకోసం ప్రార్థన చేశారు. అప్పటినుంచి యేసు ప్రభువును నమ్ముకున్నాను, బాప్తిస్మం తీసుకున్నాను. మా ఆయన అడ్డు చెప్పరు, తను మాత్రం రారు. అత్తమ్మ పైడితల్లి అమ్మవారి భక్తురాలు. మొదటి రెండేళ్లు ప్రార్థనలో కూర్చుంటే కన్నీళ్లు ఆగేవి కావు. ఇప్పుడు మోకాళ్ల మీద ఉన్నా రేపటి ఆఫీసు పనే గుర్తొస్తోంది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన మానలేదు. రోజూ యూట్యూబ్‌లో ముగ్గురు సేవకుల వాక్యం వింటాను. అయినా మా సంఘంలో ఒక అక్క "నీకింకా భాషల వరం (తెలియని భాషల్లో ప్రార్థించే వరం) రాలేదు, ఆత్మీయంగా ఎదగలేదు, 21 రోజులు ఉపవాసం ఉండు" అన్నారు. థైరాయిడ్‌కీ బీపీకీ మాత్రలు వేసుకుంటున్నాను. ఉండగలనా అని టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి. పోయిన ఏడాది సిరిమాను పండక్కి ఇంటికి పద్నాలుగు మంది చుట్టాలొచ్చారు. విగ్రహాల పండగ అని నేను వంటగదిలోకి వెళ్లలేదు. గదిలో ఫోన్‌లో మన పాటలు గట్టిగా పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టబోతే తోసేశాను. కింద పడిపోయింది. అందరి ముందూ ఏడ్చారు. "వారం వారం సర్చికెల్తన్నావు, నీ నోరు మాత్రం తగ్గనేదేటే అమ్మా" అన్నారు. క్రిస్మస్‌కి బాబుకి కొత్త బట్టలు ఆవిడే కొంటారు, అది వేరే విషయం. నేను విశ్వాసం కోసం నిలబడ్డానా, తప్పు చేశానా? మళ్లీ పండగ వస్తోంది. అసలు నేను ఎదుగుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది?
— పేరు వద్దన్న సోదరి, విజయనగరం

జవాబు:

అమ్మా, మీ ఎదుగుదల గురించి ఇద్దరు తీర్పు చెప్పారు. ఒకరు సంఘంలో అక్క, ఇంకొకరు మీ అత్తమ్మ. అక్క మాటకు భయపడ్డారు, అత్తమ్మ మాటకు నొచ్చుకున్నారు. నన్నడిగితే ఆ ఇద్దరిలో మీ అత్తమ్మ మాటే బైబిలుకు దగ్గరగా ఉంది. ఆవిడ ఆ పుస్తకం ఎప్పుడూ తెరిచి ఉండకపోవచ్చు, అయినా సరే.

కోపం తెచ్చుకోకుండా మొదటి కొరింథీ పత్రిక తీయండి. అపొస్తలుడైన పౌలు కొరింథు ఊళ్లో ఏడాదిన్నర ఉండి వాక్యం నేర్పాడు. తర్వాత కొన్నేళ్లకు వాళ్లకు రాసిన ఉత్తరం ఇది. మొదటి అధ్యాయంలోనే "మీకు ఏ కృపావరంలోనూ లోపం లేదు" అంటాడు. నిజమే, అక్కడ భాషలున్నాయి, ప్రవచనాలున్నాయి. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే మనుషుల్ని పసిబిడ్డలంటాడు. ఎందుకు? ఉపవాసాలు చాలలేదనా? కాదు. "మీలో అసూయయు కలహమును ఉండగా" అన్నాడు. ఒకడు నేను పౌలు వాణ్ని అంటాడు, ఇంకొకడు నేను అపొల్లో (అక్కడ బోధించిన ఇంకో సేవకుడు) వాణ్ని అంటాడు. (ఇప్పుడైతే ఎవరి ఛానెల్‌కి ఎంతమంది సబ్‌స్క్రైబర్లు అని తగువు పడేవారేమో.) వరాలు నిండుగా ఉండి కూడా మనిషి ఉయ్యాల్లోనే ఉండిపోవచ్చని ఆ ఒక్క సంఘాన్ని చూస్తే తెలుస్తుంది.

నేను భాషల వరాన్ని చిన్నచూపు చూడడం లేదు. పౌలు కూడా చూడలేదు. మీ అందరికంటే నేనే ఎక్కువ భాషలతో మాట్లాడతానన్నాడు. వెంటనే, సంఘంలో మాత్రం పదివేల మాటల కంటే ఇతరులకు బోధపడే అయిదు మాటలు మేలన్నాడు. అందరికీ ఆ వరం ఉంటుందా అని 12వ అధ్యాయం చివర ఆయనే అడుగుతాడు. ఉండదనే ఆ ప్రశ్న అర్థం. వరం ఇచ్చేవాడి ఇష్టం, ఒక్క రాత్రిలో రావచ్చు. గలతీ 5లో చెప్పిన ఫలం అలా కాదు. ఆ జాబితాలో దీర్ఘశాంతం ఉంది, సాత్వికం ఉంది, ఆశానిగ్రహం ఉంది. ఇవి ఉన్నాయో లేవో పక్క సీటులో కూర్చున్నవాళ్లకు తెలియదు. ఒకే వంటగదిలో మసిలేవాళ్లకు తెలుస్తుంది. అందుకే మీ అత్తమ్మ సాక్ష్యానికి బరువెక్కువ అన్నాను.

ఇక కన్నీళ్లు ఆగిపోయాయన్న బాధ.

కొరింథు వాళ్లకు పౌలు చెప్పిన మాట మన తెలుగు బైబిల్లో ఇలా ఉంది: "పాలతోనే మిమ్మును పెంచితిని గాని అన్నముతో మిమ్మును పెంచలేదు." గ్రీకులో ఉన్నది ఆహారం అనే మాట. మనవాళ్లు దాన్ని అన్నం చేశారు. ఎవరికి తట్టిందో గానీ, వరి పండే నేల మీద బతికేవాళ్లకు ఇంతకంటే బాగా చెప్పలేరు.

ఈసారి తొలేళ్లకు (సిరిమానుకు ముందురోజు) ముందు ఏదైనా పని మీద నెల్లిమర్ల వైపో గజపతినగరం వైపో వెళ్తే బస్సు కిటికీలోంచి చేలు చూడండి. కొన్ని పొట్ట మీద ఉంటాయి, కొన్ని ఈని ఉంటాయి. ఈనిన వెన్నులో ఒక గింజని గోటితో నొక్కితే తెల్లగా పాలు వస్తాయి. గింజ పాలు పోసుకుంటోంది అంటారు రైతులు. ఇంకొన్నాళ్లు పోతే అదే గింజ నొక్కితే పాలు రావు. రైతు అప్పుడు "అయ్యో, పాలు ఎండిపోయాయి" అని ఏడవడు. ఆ పాలే గట్టిపడి బియ్యం అయింది మరి. బియ్యం వేరే ఎక్కడినుంచో వచ్చి గింజలో దూరలేదు.

మీ మొదటి రెండేళ్ల కన్నీళ్లు ఆ పాలు. అవి అబద్ధం కావు, వృథా కాలేదు. ఆసుపత్రి మంచం మీద చావు అంచు చూసి వచ్చినదానికి ఆ ఏడుపు రావాల్సిందే. అదే ఏడుపు ఎనిమిదో ఏట కూడా అలాగే రావాలని మీరు అనుకుంటున్నారు. రాకపోతే దేవుడు దూరమయ్యాడని భయం. మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస చూడండి: మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత వెన్నులో ముదురు గింజలు. విత్తినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, అది ఎలా పెరుగుతోందో అతనికి తెలియదు. చాలా ఊరట కలిగించే మాట ఇది. మీరు రోజూ మొక్క పీకి వేరు పట్టుకుందా అని చూసుకుంటున్నారు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. గింజ పాలు పోసుకునే రోజుల్లో చేలో తడి లేకపోతే తాలు అవుతుంది. పైకి పొట్టు బాగానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కాబట్టి ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు కదా అని మానేయకండి. అనిపించనప్పుడు చేసే ప్రార్థనకే ఎక్కువ విలువ అని కొందరు బోధకులు అంటారు. నాకు అంత ఖాయంగా తెలియదు గానీ, కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన ఉంది, చదవండి. దాంట్లో చివరి మాట వరకూ వెలుగు లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. అలాంటి పాటను కూడా దేవుని ప్రజలు పారేయకుండా దాచుకున్నారు.

సొంత మాటలు రానప్పుడు అరువు తెచ్చుకోవచ్చు. మనకు పెద్ద దూరం పోనక్కర్లేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు ముప్పై ఏళ్ల వయసులో, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890 వరకూ బతికారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలు ఆయనవే. మీ సంఘంలో ఆ పుస్తకం వాడకపోతే పాత బాప్టిస్టు కుటుంబాల్లో ఎవరింట్లోనైనా దొరుకుతుంది. పొద్దున్నే కుక్కర్ పెట్టేటప్పుడు ఒక పాట నెమ్మదిగా పాడుకోండి. ఫోన్‌లో కాదు, నోటితో.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రసాదం.

విజయనగరంలో సిరిమాను అంటే ఏమిటో నాకు తెలుసు. మాది బొబ్బిలి. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను మూడుసార్లు తిరిగే ఆ మంగళవారం ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు. ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లలు వస్తారు. ఆ ఇంటి పెద్దావిడకు అది భక్తి ఎంతో, పరువు కూడా అంత. కోడలు గది తలుపేసుకుని కూర్చుందంటే, వచ్చిన పద్నాలుగు మందీ ఆవిడ ముఖం చూస్తారు.

మీరు ప్రసాదం తినకపోవడం తప్పు కాదు. ఇది మొదట చెబుతున్నాను, ఎందుకంటే మీరు దీని గురించే ఎక్కువ మథనపడుతున్నారు. విగ్రహాలకు అర్పించిన వాటి గురించి పౌలు అదే కొరింథీ పత్రికలో 8వ అధ్యాయం నుంచి 10వ అధ్యాయం వరకూ రాశాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లమన్నాడు, వడ్డించింది ఏమీ అడగకుండా తినమన్నాడు. "ఇది అర్పించినది" అని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దన్నాడు. అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. గమనించండి, పౌలు ఇక్కడ ఒకే సూత్రం ఇచ్చి ఊరుకోలేదు. ఒకే భోజనంలో రెండు సందర్భాలు చూపించి, ఏది ఏదో మీరు కనిపెట్టుకోవాలి అన్నట్టు వదిలాడు.

అలా కనిపెట్టడాన్నే హెబ్రీ పత్రిక ఎదుగుదల అంటుంది. అయిదో అధ్యాయం చివరి వచనం: వయసు వచ్చినవారు "అభ్యాసముచేత" మేలు కీడులను వివేచించగలరు. అక్కడ "సాధకము చేయబడిన" అన్నచోట ఉన్న గ్రీకు మాట నుంచే మన జిమ్ అనే మాట కూడా వచ్చింది. రోజూ వెళ్లి బరువులెత్తే చోటు. మొదటి రోజే ఎవరూ ఎత్తలేరు. పోయిన ఏడాది మీరు ఎత్తబోయి పడేశారు, అంతే.

ఏం పడేశారో చూద్దాం. ప్రసాదం వద్దనుకోవడం ఒకటి. చుట్టాలకు అన్నం వండకపోవడం ఇంకొకటి. పాటలు గట్టిగా పెట్టడం మూడోది. చెయ్యి తోసేయడం నాలుగోది. ఈ నాలుగింటినీ మీరు ఒకే మూట కట్టి దానికి "విశ్వాసం" అని పేరు పెట్టుకున్నారు. మొదటిది విశ్వాసమే. రెండోదానికి వాక్యంలో ఆధారం నాకు కనబడలేదు. విశాఖపట్నం నుంచో సాలూరు నుంచో బస్సులో వచ్చిన పిల్లలకు అన్నం, పప్పు, కూర వండి పెట్టడం పూజ కాదు కదా? మూడోది ప్రార్థన కాదమ్మా, అది జవాబు చెప్పడం. దేవుడికి వినబడడానికి అంత సౌండు అక్కర్లేదు, మీరు హాల్లో ఉన్నవాళ్లకు వినిపించారు. నాలుగోది మీకే తెలుసు.

రాజుల రెండో గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను కథ మీ సంఘంలో కుష్ఠు పోయేదాకా చెప్పి ఆపేస్తారేమో. దాని తర్వాత ఉన్నదే నాకిష్టం. బాగుపడ్డాక ఆయన ఎలీషా ప్రవక్తను రెండు అడుగుతాడు. ఇశ్రాయేలు దేవుణ్ని ఆరాధించడానికి రెండు కంచరగాడిదలు మోసేంత మన్ను కావాలి అన్నది మొదటిది. రెండోది ఇంకా చిక్కు. తన రాజు రిమ్మోను అనే దేవుడి గుడికి వెళ్లినప్పుడు తన చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు తాను కూడా వంగాల్సి వస్తుంది, దాన్ని యెహోవా క్షమించాలి అంటాడు. ఎలీషా ఏమన్నాడు? ఉపన్యాసం ఇవ్వలేదు. ఉద్యోగం మానెయ్యమనలేదు. "నెమ్మదిగలిగి పొమ్ము" అన్నాడు. అలా వంగడం మంచిదని నేను అనడం లేదు. కొత్తగా నమ్మినవాడు ఎంత ఇరుకులో ఉన్నాడో ప్రవక్తకు తెలుసు అంటున్నాను. మీ ఇరుకు కూడా దేవుడికి తెలుసు. అన్య కుటుంబంలో ఒక్కరే విశ్వాసిగా ఉన్న ఆడవాళ్ల కష్టం, తాతల కాలం నుంచి చర్చికి వెళ్తున్న మాలాంటి వాళ్లకు సగం కూడా తెలియదు.

అలాంటి మాలాంటి వాళ్లం ఎలా ఉంటామో కూడా చెబుతాను, లేకపోతే ఇదంతా పైనుంచి చెప్పినట్టు ఉంటుంది.

ముప్పై ఏళ్ల వయసులో నేను ఒక పల్లె బడిలో టీచరుని. స్త్రీల సమాజంలో ప్రార్థన నేనే నడిపేదాన్ని. కీర్తనలు సగం పుస్తకం కంఠతా వచ్చు. ఇంట్లో మా మామగారికి పక్షవాతం. శుక్రవారం రాత్రి ప్రార్థనలకు నేను తెల్లవార్లూ వెళ్లిపోతే, ఆయన్ని తిప్పడం, బట్టలు మార్చడం మా ఆడపడుచు చేసేది. ఒక శనివారం పొద్దున్న ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల నిద్రలేక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "మంచినీళ్లు ఇవ్వవా" అన్నాను. నేను రాత్రంతా దేవుని సన్నిధిలో ఉండి వచ్చానన్న ధీమా. ఆ పిల్ల లేచి నీళ్లు ఇచ్చింది. ఏమీ అనలేదు. అది ఏమీ అనలేదన్న సంగతి నాకు తట్టడానికి పదేళ్లు పట్టింది. అప్పటికి మామగారు పోయారు.

అదే సంఘంలో ఒక ముసలావిడ ఉండేది. చదువు రాదు. బడి అయ్యాక నా దగ్గరకొచ్చి వాక్యం చదివించుకునేది. పది వచనాలు చదివితే చాలు, ఆపమనేది. మరుసటి వారం వచ్చి మళ్లీ అదే చదవమనేది. "అవ్వా, పోయిన వారం చదివిందే కదా" అంటే "అదింకా నాకు అరగనేదమ్మా" అనేది. నాకు నవ్వొచ్చేది. తర్వాత చూస్తే, మా వీధిలో ఎవరింట్లో మనిషి మంచం పట్టినా ముందు పిలిచేది ఆవిణ్నే. నన్ను ఎవరూ పిలిచేవారు కాదు.

అందుకే మీ ముగ్గురు యూట్యూబ్ సేవకుల సంగతి నాకు భయం వేస్తుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. రోజుకి మూడు ప్రసంగాలు ఎవరికి అరుగుతాయి? ఆఫీసుకి వెళ్తూ ఒకటి, గిన్నెలు తోముతూ ఒకటి, పడుకునేముందు ఒకటి. ఒకాయన పొద్దున్న చెప్పినదాన్ని ఇంకొకాయన సాయంత్రం ఖండిస్తాడు. వినడం అయిపోగానే ఏదో చేసేశామన్న తృప్తి వస్తుంది. కొన్నాళ్లు వాటిని పక్కన పెట్టండి. యాకోబు పత్రిక తీసుకోండి. అయిదే అధ్యాయాలు, మొత్తం 108 వచనాలు. రోజుకి నాలుగైదు వచనాలు చదివితే నెలలోపే అయిపోతుంది. అయిపోయాక మళ్లీ మొదలుపెట్టండి. మూడో అధ్యాయం నాలుక గురించి. మొదటి అధ్యాయం 19వ వచనం, వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి అన్నది, ఒక కాగితం మీద రాసి వంటగదిలో అంటించుకోవచ్చు. కానీ అత్తమ్మకు కనబడేలా మాత్రం అంటించకండి, అదింకో గొడవ.

21 రోజుల ఉపవాసం గురించి సూటిగా చెబుతున్నాను: డాక్టర్‌ని అడగకుండా వద్దు. బీపీ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు వేసుకునే మనిషి ఎవరో అన్నారని ఆహారం మానకూడదు, మాత్రలు అసలే మానకూడదు. ప్రార్థన కోసం మానేస్తే దేవుడు చూసుకుంటాడని ఎవరైనా అంటే, ఆ మాట దేవునిది కాదు. ఆరోగ్యం బాగున్నా, ఎదగలేదన్న మాట పడలేక చేసే ఉపవాసం మనుషుల ముందు పరీక్ష రాసినట్టే. యెషయా 58 చదవండి. ఉపవాసం ఉన్నాం, నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ని అడుగుతారు. మీరు కలహపడుతూ ఉపవాసం ఉంటున్నారని ఆయన జవాబు. ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడం, నీ రక్తసంబంధికి ముఖం చాటెయ్యకుండా ఉండడం, ఇదీ నాకు కావాల్సిన ఉపవాసం అంటాడు. చుట్టాలకు అన్నం వండలేదన్న సంగతి నేను మళ్లీ ఎత్తడం లేదు. యెషయా ఎత్తుతున్నాడు.

ఆ అక్కకు జవాబు చెప్పాలని చూడకండి. "ప్రార్థన చెయ్యండక్కా" అని ఊరుకోండి. మీ సంఘంలో ఎక్కువ మాట్లాడని పెద్దావిడ ఎవరో ఒకరు ఉంటారు. కోడళ్లతో, కొడుకులతో వేగి, ఇంకా ముఖం మీద నవ్వు పోనివాళ్లు. ఆవిడ దగ్గర నెలకోసారి కూర్చోండి. తీతు పత్రిక 2వ అధ్యాయంలో పెద్ద స్త్రీలు చిన్నవాళ్లకు నేర్పాలని ఉన్నది ఇందుకే.

మీ ఆయన గురించి ఒక్క మాటే. ఇద్దరి మధ్య ఆయన్ని జడ్జిని చెయ్యకండి. ఏ వైపు మాట్లాడినా ఒక తప్పే ఆయనకి.

ఓర్పు గురించి ఇంత రాశాను కాబట్టి, ఇది చదివే వేరే సోదరీలకు ఒక సంగతి. ఇంట్లో కొడుతుంటే, జీతం లాక్కుంటుంటే, ప్రాణభయం ఉంటే, దాన్ని భరించడం ఆత్మీయ ఎదుగుదల కాదు. పుట్టింటివాళ్లకు చెప్పండి, పోలీసులకు చెప్పండి. పై ఉత్తరంలో అలాంటిదేమీ లేదు గనుకే నేను ఇలా రాశాను.

మీరు ఇంత దూరం వచ్చి మళ్లీ ఇలా పడ్డానేమిటి అనుకుంటున్నారు కదా. యేసు శిష్యుడు పేతురును చూడండి. పెంతెకొస్తు దినాన నిలబడి ప్రసంగించినవాడు, ఎన్నో ఏళ్ల తర్వాత అంతియొకయలో పడ్డాడు. అది కూడా భోజనం దగ్గరే. అన్యజనులతో కలిసి తింటూ ఉన్నవాడు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వాళ్లేమంటారో అని లేచి వెళ్లిపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. గలతీ 2లో ఉంది. అంత అవమానం జరిగాక, పేతురు రెండో పత్రికలో పౌలును ఏమని పిలిచాడు? "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని. ఎదిగిన మనిషి ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే నేను పెంతెకొస్తు ప్రసంగం చూపించను, ఆ మాట చూపిస్తాను.

ఇక చెయ్యాల్సినది.

"క్రిస్మస్‌కి బాబుకి కొత్త బట్టలు ఆవిడే కొంటారు, అది వేరే విషయం" అని రాశారు. అది వేరే విషయం కాదమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం అదే. ఆవిడ తనది కాని పండక్కి, తను నమ్మని దేవుని పుట్టినరోజుకి, డబ్బులు ఖర్చు పెట్టి మనవడికి బట్టలు కొంటున్నారు. చర్చిలో ఆ చొక్కా వేసుకుని మీ బాబు పాట పాడతాడని తెలిసే కొంటున్నారు. మీరు ఆవిడ పండగనాడు వంటగదిలోకి కూడా వెళ్లలేదు.

మత్తయి 5లో ప్రభువు అన్నారు: బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు. నీకు అతని మీద అని కాదు, అతనికి నీ మీద. కాబట్టి వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లేముందు ఒక పని చెయ్యండి. అత్తమ్మ ఒక్కరే ఉన్నప్పుడు, చిక్కుళ్లు ఈనెలు తీసుకుంటున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో, పక్కన కూర్చుని చెప్పండి. "పోయిన ఏడాది మీ చెయ్యి తోసేశాను అత్తమ్మా, అందరి ముందూ మిమ్మల్ని ఏడిపించాను. తప్పు నాది." అక్కడ ఆపేయండి. "కానీ నా విశ్వాసం..." అని మొదలుపెట్టకండి. ఆ కానీ వచ్చిందంటే ముందు చెప్పిందంతా పోతుంది. క్షమాపణ చెప్పి ఆవిణ్ని చర్చికి రమ్మని పిలవొద్దు కూడా. అది బేరం అవుతుంది.

ఆ మాట వేరు, పండగ మాట వేరు. పండగ సంగతి ఇంకో రోజు, తొలేళ్లకు కనీసం వారం ముందు మాట్లాడండి. సోమవారం, మంగళవారం సెలవు పెట్టండి. "వంటంతా నేను చూసుకుంటాను, మీరు గుడికి నిదానంగా వెళ్లి రండి. నైవేద్యం మాత్రం మీరే వండుకోండి, ప్రసాదం నాకు పెట్టకండి, నేను తీసుకోలేను" అని ముందే చెప్పండి. ఆవిడ మనసు కష్టపెట్టుకోవచ్చు. రెండు మాటలు అనవచ్చు. అననివ్వండి. చుట్టాల ముందు చెయ్యి తోయడం కంటే వంటగదిలో ఇద్దరి మధ్య ఆ రెండు మాటలు తేలిక. పండగనాడు ఎవరో పెద్దమ్మ తెలియక ప్రసాదం చేతిలో పెట్టబోతే, రెండు చేతులూ జోడించి "నేను తీసుకోను పెద్దమ్మా, మీరు కూర్చోండి, అన్నం వడ్డిస్తాను" అంటే చాలు.

అన్నీ చేసినా ఈ ఏడాదీ ఎక్కడో నోరు జారవచ్చు. జారితే రాత్రికల్లా వెళ్లి చెప్పెయ్యండి, మరో ఏడాది ఆగకండి.

పద్నాలుగు మందికి వంటంటే చిన్న పని కాదు. మసాలా ముందురోజే నూరి పెట్టుకోండి, వేసుకోవాల్సిన మాత్రలు మర్చిపోకండి. పండగయ్యాక నాకు రాయండి. అత్తమ్మ ఏమన్నారో రాయండి. ఏమీ అనకపోతే అదీ రాయండి.